గడ్డికి తూకం వేసి మాట్లాడదాం



పోస్టు కాస్త పెద్దది. ఓపిగ్గా చివరిదాకా చదవమని మనవి. చదివాక తిట్టినా ఫర్వాలేదు గానీ, పైన నాలుగు లైన్లు చూసి లైకు కొట్టి వెళ్ళిపోవద్దు.

పోయిన సమావేశంలో వనభోజనాల లెక్కలు అయిపోయాక గడ్డి సంగతి వచ్చింది. "బేలర్ మిషన్ పెట్టి గడ్డి మొత్తం ఊరికే ఎత్తుకుపోతానంటున్నాడు కాంట్రాక్టరు. చెత్తే కదా, పోనిద్దాం. అగ్గిపెట్టె ఖర్చు కూడా మిగులుతుంది" అన్నారు ఒక పెద్దాయన. హాలంతా నవ్వింది. మేమూ నవ్వాం. ఇంటికొచ్చి కాళ్ళు కడుక్కుని కూర్చున్నాక మాత్రం ఆ నవ్వు మింగుడు పడలేదు. ఈ రాత అందుకే. మేము అంటే కాలువ కింద సేద్యం చేసుకునే నలుగురం. రాత ఒకరిది, మాట నలుగురిదీ.

ముందు మన సంగతే గుర్తు చేసుకుందాం. 1957 జనవరిలో నెహ్రూగారు హీరాకుడ్ ఆనకట్ట ప్రారంభించారు. ఆ నీళ్ళను నమ్ముకుని మన తాతలు, తండ్రులు కోస్తా జిల్లాల నుంచి ఇటు వచ్చారు. సార్వా, దాళ్వా అనే మాటలు మూటలో కట్టుకుని వస్తే, ఇక్కడ కూడా రెండో పంటను డాలువా అంటారని విని వాళ్ళకు ప్రాణం లేచొచ్చిందట. ఆ రోజుల్లో ఇంటి ముందు గడ్డివాము ఎంత ఎత్తుంటే ఆ ఇంటికి అంత పరువు. సంబంధం చూడ్డానికి వచ్చినవాళ్ళు పిల్లవాడి కంటే ముందు వామిని చూసేవాళ్ళు. వాము ఉందంటే పాడి ఉన్నట్టు, పాడి ఉందంటే ఎరువు ఉన్నట్టు, ఎరువు ఉందంటే వచ్చే ఏడు పంట ఉన్నట్టు.

తర్వాత ట్రాక్టర్లు వచ్చాయి, ఎడ్లు పోయాయి. కోత మిషన్లు వచ్చాయి, కూలి ఖర్చు తగ్గింది. మిషను గింజ తీసుకుని గడ్డిని పొలమంతా చల్లి పోతుంది. పాకెట్ పాలు వచ్చాయి, కొట్టం కాస్తా కారు షెడ్డు అయింది. ఇంత జరిగినా గడ్డి మారలేదు. అదే వరి, అదే దంటు. దానికి మనం పెట్టిన పేరు మాత్రం ఒక్క తరంలో 'వాము' నుంచి 'చెత్త'కు దిగింది.

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. ఆ చెత్తలో ఏముందని కంపెనీలు వందల కోట్లు పెట్టి ఫ్యాక్టరీలు కడుతున్నాయి?

కల్లు ఎలా పులుస్తుందో మనకు ఎవరూ చెప్పక్కర్లేదు. తాటిచెట్టు నుంచి తియ్యగా దిగిన నీరా మధ్యాహ్నానికి కల్లవుతుంది. అందులోని చక్కెరను ఈస్ట్ అనే సూక్ష్మజీవి తిని, సారాన్ని, బొగ్గుపులుసు వాయువును వదులుతుంది. లెక్క కచ్చితం. 100 కిలోల గ్లూకోజు తింటే మహా అయితే 51 కిలోల ఇథనాల్ ఇస్తుంది, మిగతాది గాలిలో కలుస్తుంది.

వరిగడ్డిలో కూడా చక్కెరే ఉంది. గడ్డి బరువులో మూడో వంతుకు పైగా సెల్యులోజు. అంటే గ్లూకోజు పూసలు గుచ్చిన పొడుగాటి దండలు. దానికి తోడు హెమిసెల్యులోజు, ఈ రెండిటినీ పట్టి ఉంచే బంకలాగా లిగ్నిన్. పైగా మన వరిగడ్డిలో ఇసుక జాతి సిలికా ఎక్కువ. కొడవలి తొందరగా మొండిబారేది అందుకే. ఈస్ట్‌కు ఈ దండలు తెంపే పళ్ళు లేవు. అందుకే ముందు గడ్డిని ముక్కలు చేసి, వేడి ఆవిరిలో కొద్దిపాటి ఆమ్లంతో ఉడికించి బంక వదిలిస్తారు. తర్వాత ఎంజైములు వేసి దండలను పూసలుగా విడగొడతారు. ఆ తర్వాతే ఈస్ట్ పని మొదలవుతుంది.

ఈ ఎంజైముల కథ వింటే ఆశ్చర్యం వేస్తుంది. రెండో ప్రపంచ యుద్ధంలో పసిఫిక్ సముద్రంలోని సోలమన్ దీవుల్లో అమెరికా సైన్యం గుడారాలు, బట్టలు కుళ్ళిపోతుంటే కారణం వెతికారు. ఒక బూజు దొరికింది. నూలుగుడ్డలోని సెల్యులోజును కరిగించి తింటోంది. దానిమీద పనిచేసిన ఎల్విన్ రీస్ పేరు మీదే తర్వాత దాన్ని ట్రైకోడెర్మా రీసై అన్నారు. గుడారాలు తిన్న ఆ బూజు వంశమే ఇవాళ గడ్డి కరిగించే ఎంజైములను తయారుచేసి పెడుతోంది.

ఇంకో చిక్కు ఉంది. హెమిసెల్యులోజు విడిపోతే వచ్చే చక్కెరలో ఎక్కువ భాగం జైలోజు. రొట్టెకు, సారాకు వాడే మామూలు ఈస్ట్ దాన్ని ముట్టుకోదు. 1990ల్లో అమెరికాలోని పర్డ్యూ విశ్వవిద్యాలయంలో నాన్సీ హో అనే శాస్త్రవేత్త ఈస్ట్ జన్యువులను మార్చి జైలోజును కూడా తినిపించారు. ఇలాంటి పనుల వల్లనే గడ్డి నుంచి పెట్రోలులో కలిపే ఇథనాల్ తీయడం ప్రయోగశాల దాటి ఫ్యాక్టరీ దాకా వచ్చింది.

మన దేశంలో హర్యానాలోని పానిపట్‌లో ఇండియన్ ఆయిల్ వాళ్ళ ఫ్యాక్టరీని 2022 ఆగస్టు 10న ప్రధానమంత్రి జాతికి అంకితం చేశారు. మన బర్గఢ్ జిల్లాలో బౌల్‌సింగా దగ్గర భారత్ పెట్రోలియం ఫ్యాక్టరీకి 2018 అక్టోబరులోనే శంకుస్థాపన జరిగింది. రెండిటికీ చెప్పిన లెక్క ఒకటే. ఏడాదికి 2 లక్షల టన్నుల వరిగడ్డి, 3 కోట్ల లీటర్ల ఇథనాల్. భాగిస్తే టన్ను గడ్డికి 150 లీటర్లు.

చెత్త అన్న మాట దగ్గరికి మళ్ళీ వద్దాం. టన్నుకు 150 లీటర్ల ఇంధనం ఇచ్చే వస్తువును చెత్త అనేది ప్రపంచంలో ఒక్కడే. దాన్ని పండించినవాడు!

సమావేశంలోనూ, తర్వాత ఫోన్లలోనూ వినిపించిన వాదనలు మూడు. ఒక్కొక్కదానికి మా జవాబు.

మొదటిది, "కాల్చేస్తే పోతుంది, ఎందుకీ గొడవ?"

కాల్చేవాళ్ళ ఇబ్బంది మాకు తెలుసు. మేమూ కాల్చినవాళ్ళమే, దాచుకునేది ఏముంది. ఖరీఫ్ కోత అయ్యాక డాలువాకు నీళ్ళు వదిలేలోపు దమ్ముకు పొలం సిద్ధం కావాలి. రోటవేటర్‌కు గడ్డి చుట్టుకుంటుంది. అగ్గిపుల్ల ఒక్కటే చవక. కానీ లెక్క చూడండి. ఒక టన్ను వరిగడ్డి కాల్చితే సుమారు 3 కిలోల దుమ్ము కణాలు, 60 కిలోల కార్బన్ మోనాక్సైడు గాలిలో కలుస్తాయని శాస్త్రవేత్తల అంచనా. గడ్డిలోని నత్రజని దాదాపు మొత్తం పోతుంది. ఆ పొగ ఢిల్లీ దాకా పోకపోవచ్చు. మన ఇంట్లో ఆయాసంతో మంచం మీద కూర్చున్న ముసలాయన దాకా మాత్రం తప్పకుండా పోతుంది. పోయిన వేసవిలో మనవాళ్ళు పెట్టిన మంట గట్టు దాటి పక్క ఊరి ఒడియా రైతు గడ్డివామికి అంటుకుంది. ఆ రోజు ఆయన మన మీద కేసు పెట్టలేదు. పెట్టి ఉంటే మన దగ్గర జవాబు ఉందా?

రెండోది, "ఊరికే ఇచ్చేద్దాం, పొలం శుభ్రం అవుతుంది కదా."

దీనిమీదే మా పోట్లాట ఎక్కువ. ఒక టన్ను వరిగడ్డిలో సుమారు 25 కిలోల పొటాష్ ఉంటుంది. బస్తాలో వచ్చే ఎం.ఓ.పి. లెక్కన అది 40 కిలోలకు పైమాటే. అంటే టన్ను గడ్డి ఊరికే ఇచ్చిన ప్రతిసారీ దాదాపు ఒక బస్తా పొటాష్ కూడా ట్రాలీ ఎక్కించి పంపుతున్నాం. తర్వాత అదే పొటాష్ కోసం సొసైటీ ముందు లైన్లో నిలబడతాం. ఆ పొటాష్ విదేశాల నుంచి ఓడల్లో రావాలి. ఊరికే ఇస్తున్నాం అనుకోవడం పొరపాటు, ఎదురు డబ్బులు కట్టి ఇస్తున్నాం.

ఇంకో మాట. ఇలాంటి ఫ్యాక్టరీలు విదేశాల్లో ఎందుకు మూతపడ్డాయో చూడండి. అమెరికాలో అయోవా రాష్ట్రంలోని నెవాడా ఊళ్ళో డ్యూపాంట్ కంపెనీ మొక్కజొన్న చొప్పతో ఇథనాల్ తీసే ఫ్యాక్టరీని 2015లో తెరిచింది. రెండేళ్ళకే వదిలించుకుంటామంది. రుమేనియాలో పోడారి దగ్గర క్లారియంట్ కంపెనీ గోధుమ గడ్డితో కట్టిన ఫ్యాక్టరీ 2023 చివరికి మూతపడింది. ఈ రంగంలో మునిగినవాళ్ళ కథల్లో ఒకే గోడు మళ్ళీ మళ్ళీ వినిపిస్తుంది. గడ్డి తేలిక, చోటు ఎక్కువ పడుతుంది, మోయడం ఖరీదు. కట్టల్లో మట్టి, ఇసుక వస్తే మిషన్లు అరిగిపోతాయి. తడిస్తే బూజు పడుతుంది. కోత నెల రోజులు, ఫ్యాక్టరీ ఏడాది పొడుగునా నడవాలి. ఈస్ట్ దొరుకుతుంది, ఎంజైములు కొనుక్కోవచ్చు. శుభ్రమైన, ఎండిన గడ్డి వేళకు రావడమే కష్టం.

ఆ కష్టం తీర్చగలిగేది ఎవరు? మనం. కోతకు ముందు పొలం ఆరబెట్టేది, మిషను ఎంత ఎత్తులో కోయాలో చెప్పేది, గట్టు మీద ట్రాలీకి దారి ఇచ్చేది మనమే. లెక్క కూడా చెబుతాం. బేలర్ ఎకరానికి ఒక టన్ను ఎత్తుతుందని అనుకుందాం. ఫ్యాక్టరీకి 2 లక్షల టన్నులు కావాలంటే 2 లక్షల ఎకరాల గడ్డి కావాలి. హీరాకుడ్ కాలువల కింద ఖరీఫ్ ఆయకట్టు సుమారు ఒకటిన్నర లక్షల హెక్టార్లు, అంటే పౌనే నాలుగు లక్షల ఎకరాలు. ఒక్క ఖరీఫ్ మీదే ఆధారపడితే ఆయకట్టులో సగానికి పైగా గడ్డి కావాలన్నమాట. ఇంత అవసరం ఉన్న సరుకుకు మన దగ్గర ధర సున్నా, కాంట్రాక్టరు దగ్గర ట్రాలీ ఎక్కగానే ధర మొదలు. మధ్యలో ఏం మంత్రం జరిగింది? ఆయన చుట్టాడు, మోశాడు, ఆ శ్రమకు ధర ఇవ్వాల్సిందే, మేము కాదనం. పండించినవాడి ధర ఒక్కటే సున్నా ఎందుకయింది? మనం అడగలేదు గనుక.

మూడోది, "అసలు ఈ ఇథనాల్ అంతా మోసం, ఒక్క పరక కూడా ఇవ్వొద్దు."

ఇలా అనే కుర్రవాళ్ళ కోపం అర్థమవుతుంది. దేశంలో పెట్రోలులో 20 శాతం కలపాలని పెట్టుకున్న గురి చాలావరకు చెరకుతో, మొక్కజొన్నతో, బియ్యంతో తీరింది. 2024-25లో ఎఫ్.సి.ఐ. గిడ్డంగుల నుంచి 52 లక్షల టన్నుల బియ్యం ఇథనాల్‌కు కేటాయించారు. తినే గింజను బండికి పోయడం మీద అభ్యంతరం ఉంటే మాకూ ఉంది. కానీ ఆ కోపం గడ్డి మీద చూపించడం న్యాయం కాదు. టన్ను బియ్యం నుంచి దాదాపు 450 లీటర్లు వస్తాయి, టన్ను గడ్డి నుంచి 150. గింజతో పని సులువు గనుక అందరూ గింజ వైపే పోతున్నారు. గడ్డి దారి కష్టం గానీ ఎవరి కంచంలోనూ చెయ్యి పెట్టదు. గింజ మిగలాలంటే గడ్డి దారే గెలవాలి. మేము ఫ్యాక్టరీకి వ్యతిరేకం కాదు. మన మౌనానికి వ్యతిరేకం.

ఇక్కడిదాకా డబ్బు లెక్క. డబ్బు కంటే పెద్ద సంగతి ఒకటి మిగిలింది. అది రాయకపోతే ఈ రాత అంతా దండగ.

మన పొలాల్లో కోత అయిన మర్నాడు ఎవరు వస్తారో గుర్తు చేసుకోండి. పక్క ఊళ్ళ ఒడియావాళ్ళు. నాలుగు ఆవులు, రెండు మేకలు ఉన్నవాళ్ళు. సొంత భూమి అరెకరం ఉంటే ఉంటుంది, లేకపోతే లేదు. మన తాతల రోజుల నుంచి కోత పొలంలో వాళ్ళ పశువులు మేస్తున్నాయి, ఆడవాళ్ళు మోపులు కట్టుకుని నడా తీసుకెళ్తున్నారు. ఎవరూ కాగితం రాసుకోలేదు. పశువులు మేసి పేడ వేసి పోయేవి, మనకూ లాభమే. నువాఖై నాడు మన గుమ్మంలోకి వచ్చి జుహార్ చెప్పేది వాళ్ళే. నాట్లకు వచ్చేదీ వాళ్ళే. మన ముసలమ్మ పోయిన రోజు అర్ధరాత్రి కట్టెలు మోసిందీ వాళ్ళే.

బేలర్ తిరిగిన పొలంలో పరక మిగలదు. పోయినసారి ఒక మడిలో ఇలా ఊడ్చి ఎత్తాక, మోపు కోసం వచ్చిన ఒకావిడ గట్టు మీద నిలబడి చూసి వెనక్కి పోయింది. ఏమీ అనలేదు. అంటే బాగుండేది, మేము ఏదో ఒక జవాబు చెప్పేవాళ్ళం.

మనం ఇక్కడికి వచ్చి రెండు తరాలు దాటింది. రేషన్ కార్డు ఇక్కడిదే, ఓటు ఇక్కడిదే, పిల్లలు ఒడియా మీడియంలో మొదటి మార్కులు తెచ్చుకుంటున్నారు. అయినా ఏదైనా తగువు వస్తే 'ఆంధ్రావాళ్ళు' అనే మాట ఇంకా బయటికి వస్తుంది. ఆ మాటను చెరిపేది మన సంఘం భవనం మీద రంగులు కాదు. గట్టు మీద నిలబడ్డ ఆ మనిషికి ఒక మోపు దొరకడం.

అందుకని రాబోయే సమావేశంలో చర్చకు పెట్టమని అయిదు ప్రతిపాదనలు.

ఒకటి. మన సభ్యుల పొలాల్లో గడ్డికి నిప్పు పెట్టకూడదని తీర్మానం. జరిమానా మాట తర్వాత, ముందు మాట ఇచ్చుకుందాం.

రెండు. గడ్డిని మూడు వాటాలు చేయడం. ఒక వాటా నేలకు. అంటే మిషను కాస్త ఎత్తులో కోసి, కొయ్యకాళ్ళు దమ్ములో కలిపేయడం. ఒక వాటా పశువులకు, మనవైనా పక్క ఊరివైనా. ఒక వాటా ఫ్యాక్టరీకి. ఏ వాటా ఎంత అనేది పొలాన్ని బట్టి, ఊరిని బట్టి. గట్టు పక్క రెండు మడులు బేలర్ ముట్టకుండా వదిలినా సరే, మొదలంటూ పెడదాం.

మూడు. తూకం. కాటా చీటీ లేకుండా ఒక్క ట్రాలీ కూడా కదలకూడదు. టన్నుకు ఎంత, తేమ ఎంత ఉంటే ఎంత కోత, డబ్బు ఎన్ని రోజుల్లో అన్నది కాగితం మీద ఉండాలి. వడ్లకు మండిలో తేమ చూస్తే ఒప్పుకుంటాం కదా, గడ్డికీ అంతే. డాలువా కోత వేళ అకాల వాన వస్తే తడిసిన గడ్డి కట్టలు కట్టకండి, లోపల వేడెక్కి బూజు పడుతుంది. తడిసింది నేలకే పోనివ్వండి.

నాలుగు. కౌలు. మనలో చాలామంది కౌలుకు ఇచ్చినవాళ్ళు, చాలామంది కౌలుకు చేసేవాళ్ళు. గడ్డికి ధర లేనంతకాలం అది ఎవరిదో ఎవరూ అడగలేదు. రేపు ధర రాగానే తగువు మొదలవుతుంది. ఇప్పుడే తేల్చుకుందాం. పంట పండించినవాడిదే గడ్డి. ఈ మాటకు మాలో కౌలుకు ఇచ్చిన ఇద్దరు ముందే ఒప్పుకున్నారు.

అయిదు. బేరం ఒక్కొక్కరుగా కాకుండా పది ఇరవై ఎకరాలు కలిపి ఆడదాం. ఆ గుంపులో పక్క ఊరి ఒడియా రైతులనూ కలుపుకుందాం. గడ్డికి భాష లేదు. బేరానికి బలం మాత్రం సంఖ్యలోనే ఉంది.

ఇందులో తప్పు లెక్క ఉంటే దిద్దండి, కోపం వస్తే కామెంటులో కాకుండా సమావేశానికి వచ్చి చెప్పండి. ఆ రోజు 'చెత్తే కదా' అన్న పెద్దాయన మాకు పరాయి కాదు, మాకు నారు పోయడం నేర్పినవాడే. బాబాయ్, మీ మాటకు ఎదురు చెప్పినందుకు మన్నించండి. మీ నాన్నగారు మొదటి పంట గడ్డిని ఇంటి ముందు వాము వేసి, దాని నీడలో మంచం వేసుకుని పడుకునేవారని మీరే మాకు చెప్పారు. ఆయన ఇవాళ ఉంటే ఆ గడ్డిని ఊరికే ఇచ్చేవారా, ఒక్కసారి మీరే చెప్పండి.

కోతలు దగ్గరికొచ్చాయి. ఈలోపే కూర్చుందాం.